వెబ్ ఆప్షన్స్ పెట్టేవాళ్లకి ఒక మాట

ఇంజనీరింగ్ సీటు కోసం ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌కి వెళ్లే పిల్లలూ, పేరెంట్సూ, ఆప్షన్స్ (అంటే మీక్కావాల్సిన కాలేజీలు, బ్రాంచ్‌లు వరసగా ఆన్‌లైన్లో) పెట్టేముందు పోయినేడాది లాస్ట్ ర్యాంక్ లిస్ట్ డౌన్‌లోడ్ చేస్కోండి, కౌన్సెలింగ్ సైట్లోనే ఉంటది, అందులో కాలేజీ, బ్రాంచ్, కేటగిరీ, అమ్మాయి అబ్బాయి వేరేవేరేగా ఎంత ర్యాంక్ దాకా సీటొచ్చిందో క్లియర్‌గా కనపడుతుంది. మీ కేటగిరీ కాలమే చూడండి, పక్కింటోళ్ల అబ్బాయి ర్యాంకుతో పోల్చుకోకండి.

చాలామంది "మనకెక్కడొస్తుందిలే" అని మంచి కాలేజీని కింద పెడతారు, అస్సలొద్దు. మీరిచ్చిన ఆర్డర్‌లోనే పైనుంచి చూసుకుంటూ వస్తారు, పైది రాకపోతే కిందదానికి వెళ్తారు, అంతే, పైన పెట్టినందుకు నష్టమేం లేదు. రెండో ఫేజ్‌లో మాత్రం జాగ్రత్త, అక్కడ కొత్త సీటొస్తే పాతది ఆటోమేటిక్‌గా పోతుంది, అందుకే ఇప్పుడున్నదానికన్నా నిజంగా బెటర్ అనుకున్నవే పెట్టండి.

ఇంకోటి, గేటు మీద ఎన్‌బీఏ (చదువు క్వాలిటీ చూసి ఇచ్చే గుర్తింపు) బోర్డు చూసి ఆగిపోకండి. న్యాక్ అనే ఇంకో గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ బ్రాంచ్ బ్రాంచ్‌కి వేరు. ఈసీఈకి ఉండి, కొత్తగా పెట్టిన ఏఐ బ్రాంచ్‌కి లేకపోవచ్చు, ఎన్‌బీఏ సైట్లో చెక్ చేయండి.

ప్లేస్‌మెంట్స్ గురించి ఆఫీసులో అడిగితే హయ్యెస్ట్ ప్యాకేజీ చెప్తారు, అదొక్కరిది. మీ బ్రాంచ్‌లో ఎంతమంది చదివితే ఎంతమందికి జాబ్ వచ్చిందో అడగండి, నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. సాయంత్రం కాలేజీ వదిలే టైంకి వెళ్లి బస్సుల దగ్గర థర్డ్ ఇయర్ వాళ్లని కదిలిస్తే ల్యాబులు, ఫ్యాకల్టీ, ఎక్స్‌ట్రా ఫీజులు అన్నీ చెప్పేస్తారు.