పాత కారు సెల్ఫ్ తిరిగినా అందుకోకపోతే శుభలేఖ ముక్క చాలు

వానాకాలమంతా షెడ్డులో నిలబెట్టిన అంబాసిడరో, పాత ఎంజీ స్పోర్ట్స్ కారో సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ అందుకోదు. చాలాసార్లు తప్పు కార్బొరేటర్‌ది కాదు, సీబీ పాయింట్‌కు, అంటే ప్లగ్గుల్లో నిప్పురవ్వ కోసం కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే లోహపు మొనల జతకు, పట్టిన చెమ్మ, మకిలిది.

కారు తాళంచెవి తీసేసి, ఈ పాయింట్లు లోపల ఉండే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా) మూత క్లిప్పులు విప్పండి. నాలుగో గేర్‌లో బండిని కొంచెం కొంచెం నెడుతూ పాయింట్లు కలుసుకునేదాకా తేండి. మెరుపు, బంగారు రంగు లేని గరుకు శుభలేఖ నుంచి వేలెడు వెడల్పు ముక్క కత్తిరించి, కొస పెట్రోల్‌లో తడిపి, పాయింట్ల మధ్య పెట్టి మూడు నాలుగుసార్లు లాగండి. నల్లటి గీత పడుతుంది. తర్వాత పొడి ముక్కతో లాగితే, గీత పడనప్పుడు శుభ్రమైనట్టే. సాండ్‌పేపర్ (ఉప్పు కాగితం) మాత్రం వద్దు, దాని రవ్వ అక్కడే ఉండిపోతుంది.

మళ్లీ నెట్టి, పాయింట్లు పూర్తిగా విడినచోట ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకుల కట్ట) పెట్టి చూడండి. లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల గ్యాప్ ఉండాలి. రేకు కాస్త పట్టినట్టు జారాలి. పెట్రోల్ తడి ఆరాకే స్టార్ట్ చేయండి.

ట్రయల్‌కు నేనైతే హనుమకొండ నుంచి కాజీపేట బ్రిడ్జి ఎక్కిస్తాను. ఎత్తులో మూడో గేర్‌లో మిస్ కొట్టకుండా లాగితే పని అయినట్టే.

ఒక పాయింట్ మీద బొడిపె, రెండోదానికి గుంట కనిపిస్తే ఈ చిట్కా పనిచేయదు. పాయింట్ సెట్‌తో పాటు కండెన్సర్ (పాయింట్లు మాడకుండా కాపాడే చిన్న విడిభాగం) కూడా మార్చేయండి.