విమానం చప్పుళ్లు విందాం – మూడో పాఠం: రన్‌వే మలుపు నుంచి పదివేల అడుగుల దాకా

రెండో పాఠం చివర విమానాన్ని రన్‌వే అంచున నిలబెట్టి వదిలేశాం. ఇంజన్లు రెండూ నడుస్తున్నాయి, రెక్క వెనక ఫ్లాప్స్, అంటే రెక్క వెనక అంచున జరిగే పలకలు, కాస్త కిందికి దిగి ఉన్నాయి, మీరు సీట్ బెల్ట్ పెట్టుకున్నారు. ఈ వారం అక్కడి నుంచి ఎత్తుకుందాం. పాఠంలో ఎక్కువ చోటు మొదటి రెండు నిమిషాలకే ఇస్తున్నాను. తొలిసారి ఎక్కేవాళ్ల టెన్షనంతా ఆ రెండు నిమిషాల్లోనే ఉంటుంది, మిగతాది కునుకు తీసే వ్యవహారం.

మన నెల్లూరు, ఒంగోలు వాళ్లకు విమానం అంటే ముందు ఒక రోడ్డు ప్రయాణం. దగదర్తి విమానాశ్రయం మాట వినీ వినీ అలవాటైపోయింది. అందాకా నెల్లూరు వాళ్లకు చెన్నై గానీ రేణిగుంట గానీ, ఒంగోలు వాళ్లకు గన్నవరం గానీ చెన్నై గానీ. కువైట్ వెళ్లే పిల్లవాడైనా, కూతురి పురుడుకి అమెరికా వెళ్లే తల్లయినా అర్ధరాత్రి కారెక్కి, తడ దాటి, గుమ్మిడిపూండి దాటి, నిద్ర చాలని కళ్లతో వెళ్లి సీట్లో పడాల్సిందే. ఆ అలసటలో ప్రతి చప్పుడూ ఉన్నదానికంటే పెద్దగా వినిపిస్తుంది. కాబట్టి ఈ పాఠాన్ని చెన్నై రన్‌వే మీదే పెట్టుకుందాం.

చెన్నైలో పెద్ద రన్‌వే పొడవు 3,658 మీటర్లు. ఒక కొసన 07 అని, ఇంకో కొసన 25 అని పెద్ద తెల్లటి అంకెలు రాసి ఉంటాయి. దిక్సూచి డిగ్రీల్లోంచి చివరి అంకె తీసేసి రాస్తారు వాటిని. 07 అంటే సుమారు 70 డిగ్రీలు, అంటే తూర్పుకు కాస్త ఉత్తరంగా. 25 అంటే 250 డిగ్రీలు, దానికి సరిగ్గా ఎదురు దిక్కు. విమానం వీలైనంత వరకు గాలికి ఎదురుగానే లేస్తుంది. ఎదురుగాలి రెక్కల మీదుగా ముందే పారుతుంటే నేల మీద అంత వేగం అక్కర్లేదు, పరుగు దూరం కూడా తగ్గుతుంది. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు గాలికి ఎదురుగా నీళ్ల మీద పరిగెత్తి లేవడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కార్తీక మాసంలో ఈశాన్య గాలి వీచే రోజున 07 దిశలో, అంటే సముద్రం వైపుగా లేచే అవకాశం ఎక్కువ. ఆషాఢంలో పడమటి గాలి గట్టిగా ఉంటే 25 దిశలో, భూమి వైపుగా. కారులో వెళ్తూ దారిలో జెండాలు ఎటు ఎగురుతున్నాయో చూసుకోండి. మీ విమానం ఎటు లేస్తుందో ఎక్కకముందే ఊహించవచ్చు. ఇది మొదటి అభ్యాసం.

రాత్రి విమానమైతే రన్‌వే ఎక్కేముందు లోపలి దీపాలు తగ్గిస్తారు. కరెంటు పోలేదు, కంగారు పడొద్దు. ఏదైనా జరిగి చీకట్లోకి దిగాల్సి వస్తే కళ్లు ముందే చీకటికి అలవాటు పడి ఉండాలని ఆ పద్ధతి. కిటికీ మూతలు పైకి ఎత్తమనడం కూడా అందుకే. బయట మంటో పొగో ఉంటే సిబ్బందికి కనబడాలి కదా. అది మర్యాద కోసం చెప్పే మాట కాదు, పక్కవాళ్లు మూసుకుని ఉంటే మీరైనా ఎత్తమని చెప్పండి.

ఇప్పుడు విమానం రన్‌వే మధ్య గీత మీదికి తిరిగింది. ఇక చెవులకు పని.

ఇంజన్ల శబ్దం రెండు అంచెల్లో పెరుగుతుంది. ముందు ఓ మోస్తరుగా లేచి, రెండు మూడు సెకన్లు అక్కడే నిలబడుతుంది. ఆ తరవాతే అసలు రొద. మధ్యలో ఆ చిన్న విరామం ఎందుకంటే, రెండు ఇంజన్లూ ఒకేలా పుంజుకున్నాయా లేదా అని పైలట్లు చూసుకుంటారు. ఒకటి ముందు, ఒకటి వెనక పుంజుకుంటే విమానం పక్కకు లాగుతుంది. తెలియనివాళ్లకు ఆ విరామం "ఏదో తట్టుకుంది" అనిపిస్తుంది. తెలిసినవాళ్లు దానికోసమే ఎదురుచూస్తారు. ఒక్కోసారి విమానం మలుపు తిరుగుతూనే ఊపందుకుంటుంది, అప్పుడు ఈ అంచెలు అంత విడిగా వినబడవు.

మీరు కూర్చున్న వరసను బట్టి కూడా శబ్దం మారుతుంది. ఇంజన్లకు ముందున్న వరసల్లో, పూర్తి ఊపు వచ్చాక, గరగరమనే ఒక కోత చప్పుడు వస్తుంది. ఇంజనీర్లు దాన్ని రంపం శబ్దమనే పిలుస్తారు. ఇంజన్ ముందు భాగంలో తిరిగే పెద్ద ఫ్యాన్ రెక్కల కొసలు ధ్వని వేగాన్ని దాటి తిరగడం వల్ల పుట్టే చిన్న చిన్న ఆఘాత తరంగాలవి (షాక్ వేవ్స్). అది ఇంజన్ మూతి నుంచి ముందుకు పోతుంది కాబట్టి వెనక సీట్లవాళ్లకు పెద్దగా వినబడదు. వెనకవాళ్లకు వినిపించేది ఇంజన్ తోక నుంచి వేగంగా దూసుకొచ్చే గాలి బయటి గాలితో కలిసేటప్పుడు పుట్టే బొంగురు హోరు. అన్నాచెల్లెళ్లు ఒకే విమానంలో ఒకరు 3వ వరసలో, ఒకరు 28వ వరసలో కూర్చుని, దిగాక ఎవరు విన్నది నిజమని వాదులాడుకుంటే ఇద్దరూ గెలిచినట్టే.

పరుగు మొదలైంది. వీపు సీటుకు ఒత్తుకుంటుంది. కాసేపటికి కాళ్ల కింద టక్, టక్, టక్ అని, వేగం పెరిగేకొద్దీ దగ్గర దగ్గరగా వినబడుతుంది. రన్‌వే మధ్య గీత వెంట నేలలో దిగ్గొట్టిన దీపాల మీదుగా ముందు చక్రం వెళ్తున్న చప్పుడది. కొందరు పైలట్లు గీతకు కాస్త పక్కగా నడిపి దాన్ని తప్పిస్తారు. కాబట్టి ఆ టకటకలు లేకపోయినా ఫరవాలేదు. పైన సామాను పెట్టెల గడగడ, ముందున్న సీటు బల్ల అదురు, వంటగది వైపు నుంచి ఇనప డబ్బాల చప్పుడు, ఇవన్నీ కూడా పరుగులో భాగమే. వాటిలో దేన్నీ పట్టించుకోనక్కర్లేదు.

ఈ పరుగు మామూలుగా 30 నుంచి 40 సెకన్లు ఉంటుంది. ఎయిర్‌బస్ 320 అయినా బోయింగ్ 737 అయినా, బరువును బట్టీ ఎండను బట్టీ, గంటకు సుమారు 240 నుంచి 280 కిలోమీటర్ల వేగం దగ్గర ముక్కు లేపుతారు. దానికి కాస్త ముందు ఒక వేగం ఉంది. పైలట్లు దాన్ని వీ-వన్ అంటారు. అది దాటాక ఇంజన్ ఒకటి ఆగినా విమానాన్ని ఆపరు, గాల్లోకే తీసుకెళ్తారు. రెండింట్లో ఒక ఇంజన్ ఆగినా మిగిలినదానితో ఎక్కగలగాలన్నది విమానానికి అనుమతి ఇచ్చేటప్పుడే చూసే షరతు. ఈ ఒక్క ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి, ముందు అవసరపడుతుంది.

ముక్కు లేస్తుంది. రెండు మూడు సెకన్లలో కింద గడగడ ఒక్కసారిగా మాయమవుతుంది. చక్రాలు నేల వదిలాయన్నమాట. వెంటనే నడుము కింద ఒక 'దబ్' మని వినబడొచ్చు. ఇన్నాళ్లూ విమానం బరువు మోస్తూ కుదించుకుని ఉన్న చక్రాల కాళ్లు బరువు తీరగానే బారుగా సాగిన చప్పుడది. అప్పుడే కిటికీలోంచి రెక్క కొసను చూడండి. నేల మీద ఉన్నప్పటికంటే పైకి వంగి ఉంటుంది. ఇప్పుడు మోసేది చక్రాలు కాదు, రెక్కలు. వంగని రెక్క విరుగుతుంది, కాబట్టి వంగడమే దాని పని.

మరి కొన్ని సెకన్లకు చక్రాలు ముడుస్తారు. ఈ వరస బాగా వినండి: సన్నటి పంపు కూత, తలుపులు తెరుచుకోగానే గాలి హోరు, లోపల ఏదో ఈడ్చినట్టు గరగర, 'ధన్' మని తాళం పడ్డ చప్పుడు, ఆ వెంటనే గాలి హోరు తగ్గిపోవడం. మొత్తం పది సెకన్ల చిల్లర. ముందు వరసల్లో ఉన్నవాళ్లకు పాదాల కింద జుయ్ మని ఒక అదురు కూడా తెలియవచ్చు. గాల్లోనూ తిరుగుతూనే ఉన్న ముందు చక్రం లోపలికి వెళ్లి, తనను ఆపడానికే అక్కడ పెట్టిన పట్టీకి రాసుకుని ఆగుతుంది.

ఇక అసలు చోటు. నేల వదిలిన అర నిమిషానికి అటూ ఇటూగా, 800 నుంచి 1,500 అడుగుల ఎత్తులో, ఇంజన్ల రొద ఉన్నట్టుండి తగ్గుతుంది. ముక్కు కాస్త దిగినట్టుంటుంది. కడుపులో ఖాళీ అయినట్టు, విమానం జారిపోతున్నట్టు అనిపిస్తుంది. రేణిగుంట నుంచి హైదరాబాద్ వెళ్లే విమానంలో నా పక్క సీటు పెద్దమ్మ సరిగ్గా ఇక్కడే నా ముంజేయి పట్టుకుంది. కావలి నుంచి తొలిసారి మనవడి దగ్గరికి వెళ్తోంది.

"ఇంజను ఆగిపోయిందా నాయనా?"

"లేదు పెద్దమ్మా, తగ్గించారంతే. కిటికీలోకి చూడు, ఇళ్లు ఇంకా చిన్నవైపోతున్నాయా లేదా?"

ఆమె చూసింది. "అవుతుండాయి," అంది, చెయ్యి మాత్రం ఇంకాసేపటి దాకా వదల్లేదు.

అంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. చెవి లోపల మన నిలకడ చూసుకునే భాగం వేగం పెరగడాన్నీ, వెనక్కి వాలడాన్నీ విడదీసి చెప్పలేదు. దానికి రెండూ ఒకటే. అందుకే పరుగులో ఉన్న ఊపు కాస్త తగ్గగానే "ముక్కు కిందికి వాలింది" అని అబద్ధం చెబుతుంది. కన్ను అలా మోసపోదు. కింద ఏదో ఒకటి పట్టుకోండి: 07 దిశలో లేస్తే తీరం అంచు, 25 దిశలో లేస్తే పడమటి చెరువుల్లో ఒకటి, లేదంటే రోడ్డు మీద ఒక లారీ. అది చిన్నదవుతూ ఉంటే మీరు పైకి వెళ్తున్నట్టే. శబ్దం ఎందుకు తగ్గిస్తారంటే, టేకాఫ్‌కు వాడే శక్తి ఇంజన్‌కు కొద్ది నిమిషాలకే అనుమతించినది. లేచాక అంత అవసరం లేదు, ఇంజన్‌కు ఆయుష్షు, కింద ఇళ్లలోవాళ్లకు కాస్త నిద్ర. ఒకవేళ నిజంగానే ఒక ఇంజన్ ఆగినా ఏమవుతుందో వీ-వన్ దగ్గర చెప్పుకున్నాం.

ఆ తరవాతవి తేలికే. రెక్క వెనక ఫ్లాప్స్ విడతలు విడతలుగా లోపలికి పోతుంటే సుయ్ మని మోటారు కూత, మధ్యలో ఆగి మళ్లీ. చూడాలంటే 180 సీట్ల ఎయిర్‌బస్ 320లో 20వ వరస దాటాక కిటికీ సీటు తీసుకోండి. మలుపులో ఒక రెక్క బాగా వాలుతుంది, 25, 30 డిగ్రీలు మించి వాలదు. అదే 60 అన్నట్టుంటుంది చూసేవాళ్లకు. వానాకాలపు ఉక్కలో తలపై గాలి రంధ్రాల నుంచి తెల్లటి ఆవిరి దిగితే పొగ అనుకోకండి. చల్లటి గాలి తేమగాలితో కలిస్తే వచ్చేదే, వాసన ఉండదు, కాసేపటికి ఆగిపోతుంది. రెక్క పైన కూడా ఒక్కోసారి తెల్లటి మంచు తెర లేచి మాయమవుతుంది. చెన్నైలో డిసెంబరు పొద్దున విమానం ఎక్కితే అది చూసే అదృష్టం ఉండొచ్చు.

చెవులు మూసుకోవడం మనకు కొత్త కాదు, తిరుమల ఘాట్ రోడ్డులో అనుభవమే. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు. విమానం ఎంత పైకి వెళ్లినా లోపలి గాలి ఒత్తిడిని 2,400 మీటర్ల ఎత్తులో ఉండేదానికంటే పలచబడనివ్వరు. గుటక వేయండి, ఆవలించండి. చంటిపిల్లలకు పాలు పట్టండి. వాళ్ల ఏడుపు ఆకలిది కాదు, చెవులది.

పదివేల అడుగులు, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తు దాటే దగ్గర చాలా విమానాల్లో 'టింగ్' మని గంట వినిపిస్తుంది. సిబ్బంది బెల్టులు తీసి లేస్తారు. ఆ ఎత్తు కింద ఉన్నంతసేపు మామూలుగా వేగానికి 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు హద్దు. దాటాక ముక్కు కాస్త దించి వేగం పెంచుతారు. ఇక్కడా ఒక చిన్న జారుడు అనిపించవచ్చు. ఇప్పటికి మీకు తెలిసిందే.

ఈ వారం విమానం ఎక్కే పని లేనివాళ్లకు ఇంటి అభ్యాసం. పొద్దుగూకే వేళ మిద్దెక్కండి. నెల్లూరు మీదుగా, ఒంగోలు మీదుగా చెన్నై రాకపోకల విమానాలు పోతూనే ఉంటాయి. సరిగ్గా తల మీదికి ఒకటి రాగానే సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, శబ్దం నడినెత్తి నుంచి వినిపించేదాకా లెక్కించండి. పది కిలోమీటర్ల పైన ఎగిరేదైతే అర నిమిషం దాటుతుంది. ఈలోగా విమానం ఏడెనిమిది కిలోమీటర్లు ముందుకు పోయి ఉంటుంది, అందుకే రొద దాని వెనక ఖాళీ ఆకాశం నుంచి వస్తున్నట్టుంటుంది. శ్రీహరికోట రాకెట్ లేచినప్పుడు సూళ్లూరుపేట వాళ్లకు వెలుగు ముందు, గర్జన నిమిషం తరవాత వచ్చేదీ ఇందుకే. (సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, రాకెట్ రోజున మిద్దెలెక్కే అలవాటు మనకు పోలేదు.) మీకు వచ్చిన సెకన్లను మూడుతో భాగిస్తే విమానం ఎత్తు సుమారుగా కిలోమీటర్లలో వస్తుంది. రెండు మూడు విమానాలకు లెక్క రాసి పెట్టుకోండి. నాలుగో పాఠంలో మేఘాల్లో కుదుపులతో మొదలుపెడతాం, ఆ అంకెలు అక్కడ పనికొస్తాయి.