లంకమల అడవిలో కలివికోడి జాడ: పర్యవేక్షణ పనిలో కొత్తగా చేరేవారికి

కడప జిల్లాలో సిద్దవటం, బద్వేలు ప్రాంతాల నడుమ పరుచుకొన్న శ్రీ లంకమల్లేశ్వర వన్యప్రాణి అభయారణ్యంలో సహాయకులుగానో, వాచర్లుగానో, పరిశోధక బృందాల వెంట నడిచే స్థానికులుగానో పనిచేయాలనుకొనే యువతీ యువకుల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అడవిలో పర్యవేక్షణ అంటే జంతువులను చూడడమని చాలామంది అనుకొంటారు. నిజానికి ఒకే చోటుకు, ఒకే వేళకు, ఒకే పద్ధతిలో మళ్లీ మళ్లీ వెళ్లి, కనిపించినదాన్ని కనిపించినట్టూ, ఏమీ కనిపించని రోజున కనిపించలేదనీ రాసి పెట్టడమే ఆ పని. కనిపించలేదని రాయడం దగ్గరే కొత్తవారు ఎక్కువగా తప్పు చేస్తారు కాబట్టి ఆ సంగతి పదేపదే ప్రస్తావిస్తాను.

ఈ అడవికి ఇంత ప్రాముఖ్యం తెచ్చింది కలివికోడి. 1848లో జెర్డాన్ అనే వైద్యుడు ఈ పక్షిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత ఎవరి కంటా పడకపోవడంతో ఇది అంతరించిపోయిందనే అందరూ నిశ్చయించుకొన్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారి అన్వేషణలో, రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుతురులో పట్టిన పక్షి కలివికోడేనని తేలింది. 1988లో సుమారు 464 చదరపు కిలోమీటర్ల అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి తిరిగే పొదల్లోకి వచ్చినప్పుడు, అడుగుల ముద్రలు ఫలానా చోట దొరికాయని అంతకు ముందే తేదీలతో, స్థలాలతో రాసి పెట్టిన నమోదులు ఉన్నందువల్లే కాలువ దారి మార్చమని గట్టిగా అడగగలిగారు. మీరు రాసే ఒక్కొక్క పంక్తి అటువంటి రోజున సాక్ష్యంగా నిలబడవలసి ఉంటుంది.

అనుమతి, జట్టు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలో అధ్యయనం కోసం అడుగు పెట్టాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. మీరు పనిచేసే సంస్థ అనుమతి తీసుకొన్నదని విని ఊరుకోకుండా, దాని నకలు ఒకటి మీ సంచిలో పెట్టుకోండి. రాత్రిపూట తిరగడానికి అందులో వీలుందో లేదో చదివి తెలుసుకోండి. ఏ బీటులోకి (ఒక అటవీ ఉద్యోగి కాపలాలో ఉండే అడవి భాగం) వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఆ బీట్ ఆఫీసరుకు ముందుగా చెప్పండి. ఎర్రచందనం దొంగలు తిరిగే అడవి కాబట్టి, వేళకాని వేళలో టార్చి వేసుకొని కనిపించిన మనిషిని సిబ్బంది అనుమానించడంలో తప్పు లేదు. నరికిన దుంగలు గానీ, తెలియని గుంపు గానీ కంటబడితే దగ్గరకు పోవద్దు, ఫొటో తీయవద్దు. వచ్చిన దారినే వెనక్కి వచ్చి కబురు చేయండి.

ఎన్నడూ ఒంటరిగా వెళ్లవద్దు. రేగుపండ్లు రాలే కాలంలో పొదల చాటున ఎలుగుబంటి ఉండవచ్చు కనుక మెల్లగా మాట్లాడుకొంటూ నడవడమే మేలు. రక్తపింజరి ఎండుటాకుల రంగులో కలిసిపోతుంది కనుక మోకాళ్ల దాకా వచ్చే బూట్లు గానీ, మందమైన కాలిపట్టీలు గానీ లేకుండా రాత్రి పనికి బయలుదేరకూడదు.

మట్టి పట్టీలు వేయడం

కలివికోడి రాత్రి సంచరించే పక్షి. పొడవు సుమారు 27 సెంటీమీటర్లే ఉంటుంది. అలికిడి వింటే ఎగరకుండా పరుగెత్తి పొదల్లో కలిసిపోతుంది. అటువంటి పిట్టను కళ్లతో వెతకడం కంటే కాళ్ల ముద్రలతో వెతకడం నయమని గ్రహించిన పరిశోధకులు మట్టి పట్టీల పద్ధతిని వాడారు. పొదల మధ్య పక్షి నడవడానికి వీలున్న ఖాళీ దారి చూసుకొని, 5 మీటర్ల పొడవున, అడుగు వెడల్పున రాళ్లు, పుల్లలు ఏరివేసి, జల్లెడ పట్టిన మెత్తటి మట్టిని పలుచగా పరచాలి. వాగులోని ఇసుక మాత్రమే పోస్తే ముద్ర అంచులు కూలిపోతాయి, బంకమట్టి మాత్రమే అయితే గట్టిపడి ముద్ర పడదు. రెండూ కలిపి, అరచేతితో నొక్కినప్పుడు చేతి గీతలు కనిపించేంత మెత్తగా ఉందో లేదో చూసుకోవాలి. సాయంత్రం చీకటి పడక ముందు పట్టీని చదును చేసి, మరుసటి ఉదయం ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే చూడాలి. పొద్దెక్కితే నీడలు పోయి ముద్రలు కంటికి ఆనవు.

కలివికోడి కాలికి ముందు మూడు వేళ్లే ఉంటాయి, వెనక వేలు లేదు. కౌజు, నెమలి వంటి పక్షులకు వెనక వేలు ఉంటుంది కాబట్టి వాటిని తేలికగా వేరు చేయవచ్చు. చిక్కంతా తీతువు (రెడ్ వాటిల్డ్ ల్యాప్‌వింగ్) దగ్గర వస్తుంది. తీతువుకు వెనక వేలు ఉన్నా అది చిన్నది, కాస్త పైకి ఉంటుంది. మట్టి పొడిగా ఉంటే దాని గుర్తు పడనే పడదు. మొదటి ఏడాది నేనొక ఉదయం పట్టీ మీద వరుసగా ఏడు మూడువేళ్ల ముద్రలు చూసి, గుండె దడదడలాడుతుండగా నోటు పుస్తకంలో కలివికోడి అని రాయబోయాను. నా వెంట వచ్చిన పెద్దాయన, ముప్పై ఏళ్లు ఆ కొండల్లో మేకలు కాచినవాడు, చెయ్యి అడ్డం పెట్టి, “తొందరపడొద్దు నాయనా, పట్టీ చివర తేమ ఉన్న చోట చూడు” అన్నాడు. వంగి చూస్తే, రాత్రి మంచుకు మట్టి తడిసిన ఆ జానెడు మేర ఎనిమిదో ముద్ర ఉంది. దాని మడమ వెనక గుండుసూది తల అంత గుంట కనిపించింది. అది తీతువు వెనక వేలు.

అందువల్ల ఒక్క ముద్రను చూసి నిర్ణయించవద్దు. వరుసలోని ముద్రలన్నీ చూడండి. ప్రతి ముద్ర పక్కన స్కేలు పెట్టి, నిట్టనిలువుగా పై నుంచి ఫొటో తీయండి. మధ్య వేలి పొడవు, పక్క వేళ్ల పొడవు, రెండు అడుగుల మధ్య దూరం మిల్లీమీటర్లలో రాయండి. స్టోన్ కర్లూ అనే పెద్ద కళ్ల రాత్రి పిట్టకూ మూడు వేళ్లే ఉంటాయి గానీ, అది కలివికోడి కంటే బాగా పెద్ద పక్షి కనుక కొలత దగ్గర తేలిపోతుంది. పేరు రాయవలసిన గడిలో ‘మూడు వేళ్ల ముద్ర, నిర్ధారణ కాలేదు’ అని రాస్తే చాలు. నిర్ధారించే పని అనుభవజ్ఞులకు వదిలేయండి.

ముద్రలేవీ లేని పట్టీకి కూడా ఒక పంక్తి రాయాలి. అక్కడ కూడా రెండు రకాలున్నాయని గమనించండి. పట్టీ చెక్కుచెదరకుండా ఉండి ముద్రలు లేకపోతే ‘లేదు’ అని రాయాలి. వాన కురిసో, గాలికి చెదిరో, మేకలు తొక్కో పట్టీ పాడైతే ‘చూడడానికి వీలు కాలేదు’ అని రాయాలి. ఈ రెండింటినీ కలిపి గడి ఖాళీగా వదిలేస్తే, పక్షి నిజంగా రాని చోటేదో, మనం చూడలేకపోయిన చోటేదో తరువాత ఎవరికీ తెలియదు. అరుదైన పక్షి విషయంలో నూటికి తొంభై తొమ్మిది పంక్తులు ‘లేదు’ అనే ఉంటాయి. అవే ఆ ఒక్క ‘ఉంది’కి విలువ కడతాయి.

వినడం

కలివికోడి ఎక్కువగా సూర్యాస్తమయం తరువాత సుమారు ముప్పావు గంటకు మొదలుపెట్టి కొద్ది నిమిషాలే కూస్తుంది. ఆ కాస్త సమయం దాటితే ఆ రోజుకు వినికిడి పని ముగిసినట్టే. కడపలో నవంబరులో ఆరుకు ముందే పొద్దు గూకుతుంది, జూన్ చివర ఆరుమ్ముప్పావు అవుతుంది. కాబట్టి ఏడాది పొడవునా ఒకే గడియారపు వేళ పెట్టుకొంటే సగం నెలలు వృథా అవుతాయి. అస్తమయానికి ముందే నిర్ణయించిన చోటుకు చేరి, ఫోను మూసి, కూర్చొని ఉండండి. మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా వేళ రాయండి. గాలి ఎంత ఉందో, దూరాన మోటారు పంపు గానీ, గుడి మైకు గానీ వినిపిస్తోందో కూడా రాయండి. రికార్డు చేసిన కూతను వినిపించి జవాబు రప్పించడం అనుమతి ఉన్న పరిశోధకులు లెక్కపెట్టుకొని చేసే పని. సరదాకు ఫోనులో కూత పెడితే, ఉన్న కొద్ది పక్షులు తమ చోటు కాపాడుకొనే ఆందోళనలో తిండి మానుకొని తిరుగుతాయి.

పొదలు లెక్కపెట్టడం

పక్షి దొరకని రోజుల్లోనూ దాని ఇల్లు ఎలా ఉందో కొలవవచ్చు. నా దృష్టిలో ఈ పనికి దక్కవలసినంత గౌరవం దక్కడం లేదు. 2 మీటర్లు దాటిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, అంతకన్నా చిన్నవి 1000 లోపు ఉన్న చోట కలివికోడి ఉండే అవకాశం ఎక్కువని ఇక్కడ జరిగిన అధ్యయనంలో తేలింది. దాన్ని మీ చేతి పనిగా మార్చుకోవడం సులభం. 20 మీటర్ల తాడుతో నాలుగు వైపులా చదరం వేస్తే 400 చదరపు మీటర్లు, అంటే హెక్టారులో ఇరవై అయిదో వంతు వస్తుంది. ఆ చదరంలో పెద్ద పొదలు 12 నుంచి 28 దాకా, చిన్నవి 40 లోపు ఉంటే ఆ చోటు పక్షికి సరిపోయేదని గుర్తు. 2 మీటర్ల కర్రకు ఎర్ర గుడ్డ కట్టి పొద పక్కన నిలబెడితే పెద్దదా చిన్నదా అన్న వాదన ఉండదు. తాడుకు ఆనుకొన్న పొద మొదలు లోపల ఉంటేనే లెక్కించాలి. కలివి, రేగు, చుండ్ర, బలుసు అని మనకు తెలిసిన పేర్లే రాయండి. పేరు తెలియని దాని కొమ్మను విరవకుండా, ఆకు, ముల్లు కనిపించేలా ఫొటో తీస్తే చాలు.

ఈ లెక్కలు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. పొదలన్నీ నరికేస్తే పక్షికి చాటు ఉండదు, ఒక్కటీ తాకకుండా వదిలేస్తే అవి దట్టంగా కమ్ముకొని నేల మీద పరుగెత్తే చోటు మూసుకుపోతుంది. అందుచేత మేకల కాపరులను, వంటచెరకు ఏరే ఆడవాళ్లను నేరస్థులుగా చూడడం న్యాయం కాదు, పనికీ మంచిది కాదు. ఎన్ని మేకలు, ఏ వైపు నుంచి, ఏ నెలలో వస్తున్నాయో, ఎన్ని మొదళ్లు కొత్తగా నరికి ఉన్నాయో మాత్రం దాచకుండా రాయండి. కాపరిని “అన్నా” అని పలకరించి, ఎందుకు రాస్తున్నారో చెప్పి రాయండి.

కెమెరాలు

ఎదుట ఏదైనా కదిలితే తనంతట తానే ఫొటో తీసే కెమెరాను అడవిలో పెట్టడం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. చిరుత కోసమైతే దారికి రెండు వైపులా ఒక్కోటి చొప్పున మోకాలి ఎత్తున పెడతారు, ఎందుకంటే దాని రెండు పక్కల మచ్చలు ఒకేలా ఉండవు. నేల మీద తిరిగే పక్షి కోసమైతే ఇంకా కిందికి, అడుగు ఎత్తున పెట్టాలి. తూర్పు, పడమరలకు ముఖం పెడితే ఎండకు ఉత్త ఫొటోలు వందలు పడతాయి కాబట్టి ఉత్తరానికో దక్షిణానికో తిప్పండి. ఎదుట ఊగే గడ్డి తీసివేయండి.

గడియారం మాత్రం జాగ్రత్త. ఒక ఏడాది బ్యాటరీలు మార్చినప్పుడు నా చేతిలోని రెండు కెమెరాల తేదీ జనవరి 1కి వెనక్కి పోయింది. నేను చూసుకోలేదు. పట్టపగలు వచ్చిన ఎలుగుబంటి అర్ధరాత్రి వచ్చినట్టు నమోదైంది. ఆరు వారాల ఫొటోలకు వేళ లేకుండా పోయింది, ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. అప్పటి నుంచి కెమెరా దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ, కెమెరా పేరు, తేదీ, వేళ పలక మీద సుద్దతో రాసి దాని ముందు చూపిస్తున్నాను. గడియారం తప్పినా ఆ ఫొటోతో తేడా లెక్కగట్టి సరిచేయవచ్చు.

నోటు పుస్తకం

యాప్ ఉన్నా కాగితం మీద పెన్సిలుతో రాయండి. చెమటకు, వానకు సిరా పోతుంది. అక్షాంశ రేఖాంశాలను డిగ్రీల దశాంశాల్లో అయిదు అంకెల దాకా రాయండి. మూడో దశాంశంలో ఒక్క అంకె తప్పితే చోటు వంద మీటర్లకు పైగా జరిగిపోతుంది కనుక, ఒకరు చదువుతుంటే మరొకరు రాసి, రాసినది తిరిగి చదివి వినిపించాలి. తప్పు రాస్తే రబ్బరుతో చెరపకుండా ఒక గీత కొట్టి పక్కన సరైనది రాయండి. విన్నది, చూసింది, ఊహించింది మూడూ వేరువేరు గడుల్లో ఉండాలి. జాడ దొరికిన చోటు వివరాలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. మీరు మంచి మనసుతోనే పెట్టినా, మరుసటి వారం అక్కడ పది కార్లు నిలబడతాయి.

ఊరికి తిరిగి వచ్చాక, అన్నం తినక ముందే ఆ రోజు పేజీలను ఫొటో తీసి పంపండి. తెల్లవారి పట్టీలు చూడడం ముగిసిందంటే అక్కడి నుంచి కదలక ముందు వాటిలోకి రాలిన ఆకులు ఏరివేయండి, గట్టిపడిన చోట మట్టిని చేత్తో నలిపి వదులు చేయండి. సాయంత్రం మీరు చదును చేయడానికి వచ్చేటప్పటికి వెలుతురు ఎంతోసేపు ఉండదు.