పాత కాన్సర్ట్ క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

తొంభైలలో ఆల్టర్నేటివ్ రాక్ అభిమానులు హాల్లో నిలబడి రికార్డు చేసి, ఒకరికొకరు పంచుకున్న క్యాసెట్లు ఇంకా చాలామంది బీరువాల్లో ఉన్నాయి. డబ్బు తీసుకోకూడదన్నది అప్పటి కట్టుబాటు. మార్చుకోవడానికి టేపులు లేని కొత్తవాళ్లు ఖాళీ క్యాసెట్లు, తిరుగు పోస్టేజీ పంపితే, ఉన్నవాళ్లు కాపీ చేసి పంపేవారు. పెర్ల్ జామ్, స్మాషింగ్ పంప్‌కిన్స్ లాంటి బ్యాండ్లు ఇలా పంచుకోవడానికి ఒప్పుకున్నాయి. పెర్ల్ జామ్ అయితే 2000 టూర్‌లో 72 షోలను తానే ఆల్బమ్‌లుగా విడుదల చేసింది. ఒప్పుకోని బ్యాండ్ టేపు మీ దగ్గరుంటే అది మీ దగ్గరే ఉండనివ్వండి.

ఇప్పుడు నాకు వచ్చే ఫైళ్లలో సగానికి పైగా స్పీకర్ మీద దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి. టేపు పాతది కదా అని అందరూ సర్దుకుపోతారు. చాలాసార్లు తప్పు టేపుది కాదు, ఎక్కించినవాళ్లది.

కావలసినవి: మంచి స్థితిలో ఉన్న మామూలు క్యాసెట్ డెక్, ఆడియో ఇంటర్‌ఫేస్ (డెక్ శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే పెట్టె), హెడ్‌ఫోన్స్, చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది చుట్టిన ఇయర్‌బడ్స్. యూఎస్‌బీ ప్లేయర్లు వద్దు. ఆటో రివర్స్ డెక్ కూడా వద్దు, టేపును చదివే హెడ్ తిరిగిన ప్రతిసారీ దాని కోణం మారుతుంది.

క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ చెవులు విరగ్గొట్టండి, పొరపాటున రికార్డ్ నొక్కినా టేపు చెరిగిపోదు. హెడ్‌ను ఆల్కహాల్‌తో తుడవండి. టేపును ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టండి. డాల్బీ (టేపు బుసబుసను తగ్గించే మీట) ఆఫ్‌లో ఉంచండి. లేబుల్ మీద ఏం రాసి ఉన్నా ఆఫ్‌లోనే ఉంచండి.

ఇక అసలు పని అజిమత్, అంటే హెడ్ నిలబడే కోణం.

హెడ్ మీద కంటికి ఆనని సన్నని చీలిక ఒకటి ఉంటుంది. టేపు దాన్ని లంబకోణంలో దాటాలి. కానీ మీ టేపును రికార్డు చేసిన డెక్‌లో ఆ చీలిక కాస్త పక్కకు ఒరిగి ఉందనుకోండి, మీ డెక్‌లోనూ అంతే ఒరగాలి. మీ డెక్ ఫ్యాక్టరీ సెట్టింగ్ ఎంత కచ్చితమైనదైనా ఆ టేపుకు అది తప్పే. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లే కదులుతుంది. ఆ వేగంలో 10 కిలోహెర్ట్జ్ శబ్దపు ఒక తరంగం టేపు మీద మిల్లీమీటరులో 200వ వంతు చోటు కూడా తీసుకోదు. కోణం వెంట్రుకవాసి తప్పితే ముందు పోయేవి సింబల్స్ (డ్రమ్ముల పక్కన ఉండే ఇత్తడి పళ్లేలు), చప్పట్లు, గొంతులోని స, ష శబ్దాలు.

డెక్ తలుపు మూత తీయండి. హెడ్‌కు రెండు వైపులా స్క్రూలు కనిపిస్తాయి. సాధారణంగా కింద స్ప్రింగ్ ఉండి, పైన రంగు లక్క పూసినది అజిమత్ స్క్రూ. రెండోదాన్ని ముట్టుకోవద్దు, దాన్ని తిప్పితే హెడ్ ఎత్తే మారిపోవచ్చు. అనుమానముంటే మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూశాకే చేయి పెట్టండి. ఇనుప రజను పట్టే స్క్రూడ్రైవర్ అయితే పక్కన పెట్టేయండి, హెడ్‌కు అయస్కాంతం ఎక్కుతుంది. స్క్రూ మొదట ఏ దిక్కుకు ఉందో మార్కర్‌తో చిన్న గీత గీసుకోండి.

ఇప్పుడు రెండు చానెళ్లను కలిపి మోనోలో వినండి. స్టీరియోలో విని సర్దితే చెవి మోసం చేస్తుంది. నేను ఒకసారి అలాగే 90 నిమిషాల టేపు ఎక్కించి, అసలు టేపును తిరిగి పంపేశాను. వారం తర్వాత మోనోలో వింటే సింబల్స్ నీళ్లలో మునిగి తేలుతున్నట్టున్నాయి. ఆ టేపు మళ్లీ నా చేతికి రాలేదు.

పాట ఎత్తుకునే ముందు డ్రమ్మర్ హై-హ్యాట్ (జంట సింబల్స్) మీద నాలుగు దెబ్బలు కొట్టే చోటు వెతికి, దాన్నే మళ్లీ మళ్లీ వేయండి. కోణం తప్పుగా ఉంటే ఆ దెబ్బలు ‘తుఫ్, తుఫ్’ అని ఊదినట్టుంటాయి. స్క్రూను గడియారంలో నిమిషాల ముల్లు ఒక నిమిషం జరిగేంత తిప్పండి, ఆగండి, వినండి. సరైన చోటికి వచ్చేసరికి ‘టిస్, టిస్’ అని విడివిడిగా తెగుతాయి, వెనక జనం ఈలలు కూడా తేటపడతాయి. అక్కడే ఆగిపోవద్దు. అది దాటి కొంచెం ముందుకు వెళ్లి మళ్లీ వెనక్కి రండి, ఎందుకంటే అసలు చోటుకు పక్కన దొంగ చోటు ఒకటి ఉంటుంది. అక్కడా ట్రెబుల్ (సన్నని పై శబ్దాలు) కాస్త పెరుగుతుంది, చాలామంది దానికే తృప్తిపడతారు. ఎటు తిప్పినా మొదటి స్థానం నుంచి పావు చుట్టు దాటకండి.

రెండో వైపు వేసినప్పుడు ఇదంతా మళ్లీ చేయాలి. ఒక వైపు కుదిరిన కోణం రెండో వైపు కుదురుతుందని అనుకోవద్దు.

తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ట్రెబుల్ పెంచుకోవచ్చు అంటారు. హెడ్ చదవనిదాన్ని సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తెస్తుంది? పెరిగేది హిస్ (టేపు బుసబుస) ఒక్కటే. నాయిస్ రిడక్షన్ ఇంకా ఘోరం, హిస్‌తో పాటు హాలు గాలిని కూడా తుడిచేస్తుంది. చేతులు మారిన కాపీల్లో అంతకుముందే పోయిన శబ్దాన్ని మీరూ తేలేరు, కానీ మిగిలినదాన్ని పోగొట్టకండి.

రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో చేయండి. అత్యధిక స్థాయి మైనస్ 6 డెసిబెల్ దాటనివ్వకండి. టేపు వేగం సరిచేసేటప్పుడు స్టూడియో ఆల్బమ్‌తో పోల్చి తొందరపడవద్దు. నిర్వాణ 1993 నవంబర్‌లో చేసిన అన్‌ప్లగ్డ్ షోలో గిటార్లను అర స్వరం కిందికి ట్యూన్ చేసుకుంది. అలాంటి షోను ఆల్బమ్ శ్రుతికి లాగితే పాడైపోతుంది.

సీడీ కోసమైతే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌కు మార్చాకే పాటలుగా కోయండి. ప్రతి కోతా 588 శాంపిళ్ల (శాంపిల్ అంటే సెకను శబ్దంలోని 44,100 ముక్కల్లో ఒకటి) గుణిజం మీద పడాలి, లేకపోతే పాటల మధ్య టిక్కుమనే శబ్దం వస్తుంది. చప్పట్ల మధ్యలో కోయండి, ఫేడ్ చేయవద్దు.

చివరగా అన్నీ ఫ్లాక్‌లో (శబ్దం ఏమీ పోకుండా దాచే ఫైలు రకం) పెట్టి, ఒక టెక్స్ట్ ఫైలు జతచేయండి. బ్యాండ్, తేదీ, ఊరు, హాలు, ఎన్నవ కాపీ, ఏ డెక్, ఏ ఇంటర్‌ఫేస్ అన్నీ రాయండి. తెలియని చోట ‘తెలియదు’ అని రాయండి, ఊహించి రాయవద్దు. ఫోన్లో వినడానికి ఎంపీ3 చేసుకుంటే దాన్ని ఎవరికీ పంపకండి. స్క్రూను మళ్లీ మార్కర్ గీత దగ్గరికి తెచ్చాకే డెక్ మూత బిగించండి.