ఔటర్ వైల్డ్స్ మొదలుపెట్టేవాళ్లకి: షిప్పు నడపడం, దించడం, లాగ్ చదవడం

ఔటర్ వైల్డ్స్ అనే అంతరిక్ష వీడియో గేమ్‌లో లెవెల్స్ లేవు, ఆయుధాలు లేవు, షిప్పుకి అప్‌గ్రేడ్‌లు లేవు. మొదట ఇచ్చిన షిప్పే చివరిదాకా. ఆట ముందుకు సాగేకొద్దీ పెరిగేది మీకు తెలిసిన సంగతులు మాత్రమే. అందుకే ఎవరైనా కథ చెప్పేశారంటే ఆట అక్కడితో సరి. ఇక్కడ రాసింది షిప్పు, సూట్, లాగ్ (తెలుసుకున్నవన్నీ నమోదయ్యే చిట్టా) వాడే పద్ధతి వరకే. ఒక్క రహస్యం మాత్రం చెప్పక తప్పదు: ప్రతి 22 నిమిషాలకి సూర్యుడు పేలిపోతాడు, మీరు మళ్లీ అదే చలిమంట పక్కన కళ్లు తెరుస్తారు. ఈ ఒక్కో చుట్టే లూప్. ఎలాగూ మొదటి గంటలోనే తెలిసిపోయే విషయమే.

అలెక్స్ బీచమ్ అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ సదర్న్ కాలిఫోర్నియాలో థీసిస్‌గా మొదలుపెట్టిన ఆట ఇది. 2015లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో అతిపెద్ద బహుమతి గెలిచింది, 2019లో మోబియస్ డిజిటల్ పూర్తి ఆటగా తెచ్చింది. ఇందులో గ్రహాలు బొమ్మల్లా చిన్నవి, కాలినడకన చుట్టి రావచ్చు. గురుత్వాకర్షణ, జడత్వం మాత్రం బొమ్మలాటలు కావు. కొత్తవాళ్లు చచ్చేది ఎక్కువగా అక్కడే.

ముందు సెట్టింగ్స్

ఆటలో మాటలన్నీ చదువుకోవాల్సినవే, వాయిస్ లేదు, తెలుగు లేదు. సెట్టింగ్స్‌లో చదివేటప్పుడు టైమ్ ఆపే ఆప్షన్లున్నాయి: సంభాషణలకి, అనువాదాలకి, షిప్ లాగ్‌కి విడివిడిగా. మూడూ ఆన్ చేసుకోండి. లేకపోతే గోడమీద రాత సగం చదివేసరికి సూర్యుడు పేలతాడు. గేమ్‌ప్యాడ్ ఉంటే అదే వాడండి. కీబోర్డుతో ఆడొచ్చు, కానీ థ్రస్ట్ (ఇంజిన్ తోపు) కొంచెం కొంచెంగా ఇవ్వడానికి స్టిక్ ఉన్నంత సుఖం ఉండదు.

ఊళ్లో తొందరపడొద్దు

మీ సొంత గ్రహం టింబర్ హార్త్ మీద మొదటి పని అబ్జర్వేటరీలో హార్న్‌ఫెల్స్ అనే పాత్రని కలిసి లాంచ్ కోడ్స్ తీసుకోవడం. కోడ్స్ తీసుకుని బయటికి వస్తుంటే విగ్రహం దగ్గర ఒకటి జరుగుతుంది, 22 నిమిషాల గడియారం మొదలయ్యేది ఆ తర్వాతే. అంతవరకు టైమ్ మీదే. బరువు తెలియని గుహలో రిపేర్ ప్రాక్టీస్ చేయండి. బొమ్మ షిప్పుని రిమోట్‌తో ఎగరేసి దించండి. పిల్లలతో దాగుడుమూతలాడితే దూరపు సిగ్నల్స్ వినిపించే సిగ్నల్‌స్కోప్ చేతికి అలవాటవుతుంది. ఘోస్ట్ మ్యాటర్ పాఠం మాత్రం వదలొద్దు. అది కంటికి కనిపించదు, స్కౌట్ (మీరు విసిరే చిన్న కెమెరా పరికరం) తీసిన ఫొటోలో మాత్రమే తెల్లటి స్ఫటికాల్లా కనిపిస్తుంది. అందులో అడుగు పెడితే క్షణాల్లో ప్రాణం పోతుంది.

ఎగరడం

షిప్పు ఎక్కగానే సూట్ వేసుకోండి, తర్వాతే సీటు. సూట్ లేకుండా అంతరిక్షంలో తలుపు తీసి చావడం అందరూ ఒకసారి చేసే పనే.

అంతరిక్షంలో గాలి లేదు, బ్రేకు లేదు. థ్రస్ట్ ఆపినా వేగం తగ్గదు. కొత్తవాళ్లు గ్రహం వైపు ముక్కు పెట్టి ముందుకు నొక్కుతూనే ఉంటారు, దగ్గరికొచ్చాక ఆపబోతారు. అప్పటికి ఆలస్యమైపోతుంది: ఎంతసేపు వేగం పెంచారో తగ్గించడానికీ అంతసేపూ పడుతుంది. అందుకని సగం దూరంలోనే వెనక్కి థ్రస్ట్ మొదలవ్వాలి. షిప్పు తిప్పక్కర్లేదు, వెనక్కి నొక్కితే చాలు.

రెండో చిక్కు, గ్రహం కూడా కదులుతూనే ఉంటుంది. టార్గెట్‌ని లాక్ చేస్తే దూరం, దానితో పోలిస్తే మీ వేగం, పక్కకి జారుతుంటే ఎటు జారుతున్నారో చూపే బాణాలు తెర మీద కనిపిస్తాయి. ఆ బాణాలు లేకుండా చేసుకుని ముందుకెళ్లడమే నైపుణ్యమంతా. దానికి దగ్గరి దారి మ్యాచ్ వెలాసిటీ. ఆ బటన్ నొక్కి పట్టుకుంటే టార్గెట్‌తో మీ వేగం సున్నా అవుతుంది. వదిలేస్తే గ్రహం మళ్లీ లాగుతుంది, కాబట్టి దగ్గరగా ఉన్నప్పుడు సున్నా అయిందని నిశ్చింతగా కూర్చోవద్దు.

ఆటోపైలట్ మంచిదే, కాకపోతే దానికి కళ్లు లేవు. టార్గెట్ వైపు నేరుగా పోతుంది. మధ్యలో సూర్యుడున్నా ఆగదు, పక్కకి తప్పుకోదు. సూర్యుడికి దగ్గరగా తిరిగే జంట గ్రహాలకి వెళ్లేటప్పుడు ఇలా తగలబడేవాళ్లే ఎక్కువ. ఆన్ చేసేముందు తెర మీద టార్గెట్‌కీ సూర్యుడికీ మధ్య ఎంత ఎడం ఉందో చూడండి. దగ్గరగా కనిపిస్తే గ్రహాలు తిరిగే తలానికి పైకో కిందికో పోయి, బాగా ఎడం వచ్చాకే ఆన్ చేయండి. మధ్యలో మీరు థ్రస్ట్ తాకితే ఆటోపైలట్ రద్దవుతుంది, అది గమనించక గ్రహాన్ని గుద్దేసేవాళ్లూ ఉన్నారు. పైగా అది గ్రహం దగ్గర ఆపుతుంది అంతే. దించడం మీ పని.

దించేటప్పుడు ముందు మ్యాచ్ వెలాసిటీ, తర్వాత ల్యాండింగ్ కెమెరా. కెమెరాలో షిప్పు కింద ఏముందో కనిపిస్తుంది. గ్రహం తనే లాక్కుంటుంది కాబట్టి కిందికి నొక్కక్కర్లేదు, పైకి థ్రస్ట్ కొంచెం కొంచెంగా ఇస్తూ వేగం తగ్గించుకోండి. నేల తాకేసరికి సెకనుకి మీటర్ల వేగం ఒక అంకెలోకి రావాలి. పక్కకి జారుతూ దిగితే కాళ్ల మీద నిలబడకుండా దొర్లుతుంది.

గట్టిగా తగిలితే ఏ భాగం పోయిందో కాక్‌పిట్‌లో ఎర్రగా చూపిస్తుంది. సూట్‌తో దిగి ఆ భాగం ఎదుట నిలబడి రిపేర్ బటన్ నొక్కి పట్టుకోవడమే, విడి భాగాలతో పనిలేదు. రియాక్టర్ పోతే మాత్రం మిగతావన్నీ వదిలి ముందు దాన్ని చూడండి, ఆలస్యమైతే షిప్పు పేలిపోతుంది. ఇక ఆ ఇజెక్ట్ బటన్! మూత తీసి నొక్కాలనిపిస్తుంది. నొక్కితే కాక్‌పిట్ షిప్పు నుంచి ఊడి ఎటో పోతుంది. సరదాకి ఒక లూప్ వృథా చేసుకోవాలనుకుంటే తప్ప దాని జోలికి పోవద్దు.

బయట నడిచేటప్పుడు

చెట్ల దగ్గర నిలబడితే ఆక్సిజన్ నిండుతుంది. షిప్పులోకి వస్తే ఆక్సిజన్ నిండుతుంది, జెట్‌ప్యాక్ ఇంధనం మాత్రం లోపలి మెడ్‌కిట్ దగ్గర మీరే నింపుకోవాలి. ఇంధనం అయిపోయినా జెట్‌ప్యాక్ పనిచేస్తూనే ఉంటుంది, అప్పుడు ఖర్చయ్యేది మీ ఆక్సిజన్. ఈ సంగతి తెలియక ఎగురుతూ ఊపిరాడక పోతారు.

బ్రిటిల్ హాలో అనే గ్రహం మీద నేల ముక్కలు ముక్కలుగా ఊడి లోపలి కృష్ణబిలంలో పడుతుంటుంది. స్కౌట్‌ని నేలకి కొడితే ఆ ముక్క ఎంత గట్టిగా ఉందో శాతంలో చూపిస్తుంది. శాతం తక్కువుంటే షిప్పుని అక్కడ పెట్టొద్దు. మీరే బిలంలో పడ్డా లూప్ పోయినట్టు కాదు. దూరంగా ఒక తెల్ల బిలం దగ్గర తేలతారు, కంగారుపడి ఇంధనం తగలేయకుండా పక్కనే ఉన్న స్టేషన్‌కి పోండి.

ఎటు ముందు

మొదటి ప్రయాణానికి సొంత చందమామ యాటిల్‌రాక్ చాలు. అక్కడ ఎస్కర్ అనే ప్రయాణికుడు ఉంటాడు, సిగ్నల్‌స్కోప్‌తో మిగతా ప్రయాణికుల వాయిద్యాలు వినమంటాడు. తర్వాత ఏ వాయిద్యం నచ్చితే అటు పోవచ్చు. జంట గ్రహాల్లో యాష్ ట్విన్ నుంచి ఇసుక ఎంబర్ ట్విన్‌కి పోతుంటుంది. కాబట్టి ఎంబర్ గుహలు లూప్ మొదట్లోనే చూడాలి, ఆలస్యమైతే ఇసుక పైకి లేచి కప్పుకి నొక్కేస్తుంది. యాష్ ట్విన్ చివర్లో. జయంట్స్ డీప్ గ్రహానికి తొందరగా ఒకసారి వెళ్లి గాబ్రో అనే ప్రయాణికుడితో మాట్లాడండి. ధ్యానం నేర్పిస్తాడు, ఆ తర్వాత పాజ్ మెనూ నుంచే లూప్ ముగించవచ్చు. డార్క్ బ్రాంబుల్ చివరికి. అక్కడ ప్రాణాలతో ఎలా తిరగాలో వేరే గ్రహం మీద దొరుకుతుంది.

దారి తోచనప్పుడు

ఆట ఆపేసి మళ్లీ తెరిస్తే కొత్త లూప్ మొదలవుతుంది, లాగ్‌లో ఎక్కినవి మాత్రం పోవు. షిప్పు వెనక భాగంలోని కంప్యూటర్లో రెండు చూపులున్నాయి: మ్యాప్, రూమర్. రూమర్‌లో ఏ విషయం ఏ విషయానికి దారితీసిందో గీతలు గీసి ఉంటుంది. ఒక చోటు పక్కన నారింజ రంగు గుర్తుంటే అక్కడ ఇంకా చూడాల్సింది మిగిలిందని అర్థం, గుర్తు లేకపోతే అక్కడికి మళ్లీ పోవడం టైమ్ దండగ. వెళ్లాల్సిన చోటుని మ్యాప్ చూపులో మార్క్ చేసుకుంటే ఎగిరేటప్పుడు తెర మీద కనిపిస్తుంది. ఒకే తలుపు దగ్గర మూడు నాలుగు లూప్‌లు పోతే దాన్ని వదిలి ఇంకో గ్రహానికి పోండి. తాళంచెవి దాదాపు ఎప్పుడూ వేరే చోటే, అదీ రాతలోనే దొరుకుతుంది.

2021లో వచ్చిన అదనపు భాగం ఎకోస్ ఆఫ్ ది ఐని అసలు ఆట పూర్తిచేశాకే మొదలుపెట్టడం మేలు. చీకటి, భయం పడనివాళ్లకి సెట్టింగ్స్‌లో భయం తగ్గించే ఆప్షన్ ఉంది.