కొల్లేరు అంచు చేలో వరి వేసేవాళ్ళకి: ముందు నీళ్ళు పోయే దారి చూసుకోండి

కొల్లేరు అంచున చేను కౌలుకి తీసుకున్న ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఏ విత్తనం వెయ్యాలనే. అది తర్వాత. ముందు సర్వే నంబరు చూసుకోండి, ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, దాని లోపలైతే అభయారణ్యం, 1999లోనే నోటిఫై చేశారు, అక్కడ గట్టు జోలికి పోవద్దు, 2006లో ప్రభుత్వంవాళ్ళు చేపల చెరువుల గట్లు ఎలా కొట్టేశారో ఈ చుట్టుపక్కల ఎవర్నడిగినా చెప్తారు.

బయట భూమే అయితే జూన్‌కి ముందు ఒకరోజు మీ బోదె (చేలో నీళ్ళు పోయే చిన్న కాలువ) వెంట నడిచి అది ఏ డ్రెయిన్‌లో (మురుగు కాలువలో) కలుస్తుందో చూడండి. బుడమేరు, తమ్మిలేరు అన్నీ వచ్చి కొల్లేట్లోనే పడతాయి, సముద్రంలోకి పోడానికి ఉప్పుటేరు ఒక్కటే దిక్కు, అందుకే పెద్ద వానకి డ్రెయిన్ నీళ్ళు మన చేలోకే ఎగదంతాయి. కాలువకి అడ్డంపడే గుర్రపుడెక్క పక్క చేలవాళ్ళతో కలిసి తలా కాస్త వేసుకుని తీయించాలి, మన ముక్క ఒక్కటే తీస్తే డబ్బు దండగ. తూముకి డ్రెయిన్ వైపు గట్టి మూత పెట్టించండి. నేను గోనెసంచుల్లో మట్టి కుక్కి అడ్డం పెట్టా, ఒక్క రాత్రి వానకి సంచులు కొట్టుకుపోయి తెల్లారేసరికి నాట్లు కనబడలా.

సార్వాకి (వానాకాలం పంటకి) ముంపు తట్టుకునే ఇంద్ర 1061, అమర 1064 లాంటివి వేసుకోండి, నారు కాస్త ముదురుదే నాటండి. ముంపు పోయాక ఎకరానికి 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ వెయ్యాలి, నీళ్ళు తీసేశాకే సుమా.

ఈ నల్లమట్టిలో ఇంకో తంటా ఉంది. పైరు ఎదగకపోతే ఒక దుబ్బు పీకి వేళ్ళు చూడండి, నల్లగా ఉండి కుళ్ళిన గుడ్డు వాసనొస్తే యూరియా చల్లకండి, నీళ్ళు తీసేసి నాలుగైదు రోజులు ఆరబెట్టండి, తెల్ల వేళ్ళు వస్తాయి. అలాగని నెర్రెలు పడేదాకా వదిలేస్తే అడుగునున్న ఉప్పు పైకొస్తుంది.

దాళ్వాలో (రెండో పంటలో) అయితే ఉప్పుటేట్లోకి సముద్రపు పోటు ఎక్కుతుంది కదా, అప్పుడు డ్రెయిన్ నీళ్ళు తోడేముందు సీసాలో పట్టి నీళ్ళలో ఉప్పెంతుందో చూపించే ఈసీ మీటరు పెట్టి చూడండి. నాలుక మీద వేసుకుని పర్లేదులే అనుకుని నేను ఇంజను ఆన్ చేశా, వారం తిరక్కుండా ఆకుల కొసలు తెల్లబడ్డాయి.