చేపల ట్యాంకుల గదిలో వచ్చే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

విశ్వవిద్యాలయంలో పరిశోధన కోసం పెంచే చేపలను చూసుకునే టెక్నీషియన్ పని చాలావరకు చెరువు రైతు పనిలాగే ఉంటుంది. రైతుకు చేప బతికి బరువు పెరిగితే చాలు; ఇక్కడ మాత్రం పన్నెండు ట్యాంకుల ప్రయోగంలో ఒక్కదానిలో నీళ్లు మార్చినా అది మిగతావాటితో పోల్చడానికి పనికిరాకుండా పోవచ్చు. అందువల్ల కింద చెప్పిన ఏ పరిష్కారానికైనా ముందు ట్యాంకు నంబరు, సమయం, రీడింగు రికార్డులో రాయాలి. చేపలు పక్కకు ఒరిగిపోతున్నప్పుడు మాత్రం ముందు గాలి పెట్టి, తర్వాత రాయవచ్చు.

రోహు పిల్లలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మీటరు మాత్రం ఆక్సిజన్ బాగుందంటోంది

ఇలాంటప్పుడు చేపనే నమ్మాలి. వరంగల్ ఎండాకాలంలో ట్యాంకు నీరు 32 డిగ్రీలకు చేరడం మామూలే. ఆ వేడిలో గాలి నుంచి మంచినీటిలో కరగగల ఆక్సిజన్ లీటరుకు సుమారు 7 మిల్లీగ్రాములే కాబట్టి, నాచు లేని గదిలోని ట్యాంకులో మీటరు 9 చూపిస్తే తప్పు మీటరుదే. ఒక మే నెలలో మా మీటరు రెండు రోజుల పాటు ఇలాగే హాయిగా 9 చూపించింది. విప్పి చూస్తే ప్రోబు (మీటరుకు ఉండే, నీటిలో ముంచే భాగం) పొర కింద ఆవగింజంత గాలి బుడగ కనిపించింది. పాత పొర తీసేసి, ద్రావణాన్ని బుడగ లేకుండా నింపి, కొత్త పొర బిగించి, పావుగంట ఆన్‌లో ఉంచిన తర్వాత తేమ నిండిన గాలిలో 100 శాతానికి సరిచేయాలి.

మీటరు సరిగానే ఉండి రీడింగు నిజంగా 4 కంటే తక్కువగా ఉంటే, గాలిని బుడగలుగా నీటిలోకి వదిలే గాలి రాళ్లను చూడండి. బోరు నీటిలోని సున్నం వాటి రంధ్రాలను మూసేస్తుంది, దాంతో గాలిని పంపే బ్లోయరుకు దూరంగా ఉన్న ట్యాంకులకు ముందుగా గాలి తగ్గుతుంది. రాళ్లను వెనిగరులో నానబెట్టి కడిగితే తిరిగి పనిచేస్తాయి.

ఆక్సిజన్ ఉంది, అయినా మేత ముట్టడం లేదు

ముందుగా అమ్మోనియాను అనుమానించాలి, అయితే ఏ వేళకు కొలిచారన్నది ముఖ్యం. పరీక్షలో వచ్చే మొత్తం అమ్మోనియాలో చేపకు ఎక్కువ హాని చేసే భాగం 30 డిగ్రీల దగ్గర పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) 7 ఉంటే ఒక శాతం లోపే ఉంటుంది, అదే పీహెచ్ 8 అయితే ఏడు శాతం దాటుతుంది. ఆరుబయట ట్యాంకుల్లో నాచు వల్ల ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా తగ్గుతుంది, పీహెచ్ మధ్యాహ్నం పెరుగుతుంది కనుక, ఆక్సిజన్‌ను తెల్లవారుజామున, పీహెచ్‌ను, అమ్మోనియాను మధ్యాహ్నం మూడు గంటలకు కొలవాలి. ఉద్యోగం పది గంటలకు మొదలవుతుందని అన్నీ పదింటికే కొలిచేసే అలవాటు వల్ల ఈ రెండు ప్రమాదాలూ రికార్డుకు ఎక్కకుండా పోతాయి.

కారణం చాలాసార్లు బయోఫిల్టరులోనే, అంటే అమ్మోనియాను మార్చేసే బాక్టీరియా పెరిగే స్పాంజి ఫిల్టరులోనే దొరుకుతుంది. ఎవరో మంచి మనసుతో స్పాంజిని కుళాయి కింద తళతళలాడేలా కడిగి ఉంటారు. క్లోరిన్‌కు అందులోని బాక్టీరియా చచ్చిపోయి ఉంటుంది. అది మళ్లీ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా మేత తగ్గించి, క్లోరిన్ పోయిన నీటితో రోజూ కొంత నీరు మారుస్తూ ఉండాలి. ఈ రెండూ ప్రయోగాన్ని కదిలించే పనులే కాబట్టి, ఏ ట్యాంకులకు ఎంతెంత చేయాలో రిసెర్చ్ స్కాలరుతో ముందే మాట్లాడుకోవాలి. స్పాంజిని ఇకపై అదే ట్యాంకు నీటిలో పిండితే సరిపోతుంది.

బయోఫిల్టరు బాగానే పనిచేస్తున్నా వారం వారం పీహెచ్ దిగుతుంటే, ఆ బాక్టీరియా నీటిలోని క్షారాన్ని వాడేస్తోందని అర్థం. వంటసోడా కలపవచ్చు, కానీ ఒక్కసారిగా వేస్తే పీహెచ్ ఎగబాకి, ఉన్న అమ్మోనియాయే విషమవుతుంది. రెండు మూడు రోజులుగా కొంచెం కొంచెం వేయాలి.

నీళ్లు మార్చిన గంటలోపే చేపలు చెల్లాచెదురుగా పరుగెడుతున్నాయి

బోరు అడుగంటిన రోజుల్లో ఓవర్‌హెడ్ ట్యాంకులోకి కుళాయి నీరు ఎక్కించి, ఆ సంగతి చెప్పడం మరచి ఉంటారు. క్లోరిన్ పరీక్ష చేసి, ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు ఏడు మిల్లీగ్రాముల లెక్కన, క్లోరిన్‌ను పోగొట్టే సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు కలిపి, గాలి పెంచాలి.

కొర్రమీను లెక్క తగ్గుతోంది, చచ్చిన చేప మాత్రం కనిపించదు

మన జిల్లాల్లో కొర్రమట్ట అని పిలిచే ఈ రాష్ట్ర చేప గాలి పీల్చడానికి పైకి వస్తూనే ఉంటుంది. దాన్ని చూసి ఆక్సిజన్ తగ్గిందని కంగారుపడి బ్లోయరు పెంచనక్కర లేదు. లెక్క తగ్గడానికి సాధారణంగా రెండు కారణాలుంటాయి. ట్యాంకు వెనక గోడ మూల చూస్తే ఎండిపోయిన పిల్ల దొరకవచ్చు, అంటే అది ఎగిరి పడింది. అక్కడ ఏమీ లేకపోతే పెద్ద పిల్ల చిన్నదాన్ని మింగింది. పొట్ట ఉబ్బి మూలకు పడి ఉన్నదే ఆ దొంగ. సైజు ప్రకారం వేరు చేయడమే దీనికి మందు, అయితే అలా చేస్తే ట్యాంకుకు ఇన్ని చేపలన్న ప్రయోగ పథకమే మారిపోతుంది, కాబట్టి స్కాలరు ఒప్పుకున్న తర్వాతే చేయాలి. వల మూతను మాత్రం, కింద గాలి పీల్చుకునేంత ఖాళీ వదిలి, ఎవరినీ అడగకుండానే కట్టవచ్చు.